గోదావరి దాకా నడక

పుష్య మాసం వచ్చిందంటే మేము మెస్రం వాళ్లం కేస్లాపూర్ నుంచి గోదావరికి నడుస్తాం. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో మా నాగోబా ఉన్నాడు. పుష్య అమావాస్య రాత్రి జరిగే మహాపూజకు మంచిర్యాల జిల్లా జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు నుంచి గంగాజలం తేవాలి. బండెక్కితే ఒక పూట ప్రయాణం. మేము మాత్రం తెల్లబట్టలు కట్టుకొని, కాళ్లకు చెప్పులు లేకుండా, ఝరి వెంట రోజుల తరబడి నడుస్తాం. నీళ్లు తెచ్చే పాత్రనే ఝరి అంటాం.

తోటి ఉపాధ్యాయులు కొందరు అడుగుతుంటారు: "ఇన్ని రోజులు బడి మానేసి నడిస్తే పిల్లలకు ఏమొస్తుంది సార్?" ప్రశ్న న్యాయమైనదే. మేమూ రోజూ హాజరు తీసేవాళ్లమే. అందుకే ఈ దారిలో పిల్లలకు ఏం దొరుకుతుందో చెప్పాలనుకున్నాం.

బయలుదేరే ముందు పెద్దలు కూర్చుని ఏ ఊరి మీదుగా పోవాలో, ఏ రాత్రి ఎక్కడ ఆగాలో తేలుస్తారు. ఝరి ముందు నడుస్తుంది, మిగతావాళ్లం వరుసగా వెనక నడుస్తాం. తిరుగు దారిలో గంగాజలం ఉన్న ఝరిని నేల మీద పెట్టం. ఆగిన చోట చెట్టుకు వేలాడదీస్తాం. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఇవేవీ ఎవరూ పాఠంలా చెప్పరు. రెండో రోజుకల్లా చూసి నేర్చుకుంటాడు.

పత్తి చేలు, కంది చేలు దాటాక అడవి మొదలవుతుంది. రాలిన టేకాకుల మీద అడుగు వేస్తే చప్పుడవుతుంది. జన్నారం వైపు దిగేకొద్దీ కవ్వాల్ అడవి. 2012లో దీన్ని పులుల అభయారణ్యంగా ప్రకటించారు. చెట్ల నడుమ అక్కడక్కడా గడ్డి బీళ్లు తగులుతాయి. పొద్దున్నే మంచుకు తడిసిన గడ్డిలో నడిస్తే పాదాలు మొద్దుబారిపోతాయి. వాగు ఇసుకలో అడుగులు చూసి పెద్దవాళ్లు ఇది దుప్పి, ఇది అడవిపంది, ఇది రాత్రి పోయింది, ఇది ఇప్పుడే పోయింది అని చెబుతారు. సైన్సు పుస్తకంలో పరిశీలన అని మనం రాయించేది ఇదే కదా.

రాత్రి ఆగిన ఊళ్లో చుట్టాలు ఎదురొచ్చి, రామ్ రామ్ చెప్పి, కాళ్లకు నీళ్లిస్తారు. మన గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వాళ్లున్నాం. ఒకే లెక్కలో ఉన్నవాళ్లం అన్నదమ్ములం, మా మధ్య పెళ్లి సంబంధాలు ఉండవు. హాస్టల్లో పెరిగిన పిల్లలకు ఎవరు బావ, ఎవరు దాదా అన్నది ఈ మంటల దగ్గర కూర్చున్నప్పుడే తెలుస్తోంది.

గత నడకలో ఒక వాగు దాటుతూ దాని పేరేమిటని కుర్రాళ్లను అడిగాం. డిగ్రీ చదివేవాళ్లున్నారు, ఫోన్లో మ్యాపు ఉన్నవాళ్లున్నారు. ఎవరికీ తెలియలేదు. వెనకగా కర్ర ఊతంతో వస్తున్న కాకా గోండిలో పేరు చెప్పి, ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా చెప్పాడు. ఆ కాకాకు మోకాళ్ల నొప్పి. వచ్చే ఏడు నడవగలడో లేదో. దారిలో గుట్టకూ మలుపుకూ ఊటకూ ఇలాంటి పేర్లున్నాయి. నీళ్లంటే ఏ వాహనంలోనైనా తేవచ్చు. ఆ పేర్లు మాత్రం వాటిని ఎరిగినవాళ్లతో కలిసి నడిస్తేనే మన దాకా వస్తాయి.

మన మాటనూ మన దారినీ బడిలోకి తేవడం కొత్త సంగతి కాదు. హైమన్‌డార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండిలోనే వాచకాలు తయారయ్యాయి. శిక్షణ పొందినవాళ్లు గూడేల్లో సొంత భాషలో చదువు చెప్పారు. ఇవాళ మన దగ్గర అంతకన్నా ఎక్కువే ఉంది. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది.

మా బడిలో నడక నుంచి వచ్చిన పిల్లలతో నేల మీద సుద్దముక్కతో దారి గీయిస్తాం. ఎక్కడ ఏ ఊరు, ఎక్కడ యేర్, అంటే నీళ్లు, ఎక్కడ ఎక్కుడు, ఎక్కడ దిగుడు. ఒకడు మరిచిపోతే ఇంకొకడు అందిస్తాడు. ఎవరికీ గుర్తురాని చోట ఖాళీ వదిలి, ఇంటికి పోయి తాతను అడిగి రమ్మంటాం. మరునాడు ఆ ఖాళీలు చాలావరకు నిండుతాయి. దూరాలు కూడితే లెక్కలు, గీసింది చదివితే భూగోళం, తాత చెప్పింది రాస్తే భాష.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు మెస్రం కాకపోవచ్చు. కోలాములకూ, తోటీలకూ, పర్ధాన్లకూ, చెంచులకూ, కోయలకూ ఎవరి దారులు వాళ్లకున్నాయి. మీ పెద్దలు నడవగలిగినప్పుడే ఒక్క మజిలీ అయినా వాళ్లతో నడవండి, దారిలో విన్న పేర్లు రాసుకోండి. ఉపాధ్యాయ మిత్రులారా, ఆ పిల్లలు తిరిగొచ్చిన రోజు ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. తప్పిపోయిన పాఠం ఆ తర్వాత చెప్పుకోవచ్చు.