బూస్టర్ మార్చేముందు

ఒరేయ్ సత్యం,

కొత్తిమీర కట్టకి పావుగంట బేరమాడేవాడివి, మెకానిక్ బ్రేకు బూస్టర్ మార్చాలనగానే మారుమాట లేకుండా తలూపేశావా? ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే ఇవ్వకు. బండి సంగతి మొదలెడితే నేను ఆగనని నీకు తెలుసు, అయినా ఈ ఉత్తరం చివరిదాకా చదువు. దసరాకి పిల్లల్ని అరకు తీసుకెళ్తానన్నావుగా, అందుకోసమైనా చదువు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు కాస్త నయం, గుడిదాకా నడిచి వెళ్లొస్తోంది. మాగాయ జాడీలో నీ వాటా తీసి పక్కన పెట్టానని మీ చెల్లెలు చెప్పమంది.

ఇక నీ జెన్ కారు సంగతి. పెడల్ బిగుసుకుపోయిందని, బలమంతా పెట్టి తొక్కితే గానీ బండి ఆగట్లేదని రాశావు. మంచి పని చేశావు, సగం జబ్బు ఆ ముక్కలోనే తెలిసిపోయింది. అదే పెడల్ మెత్తగా లోపలికి దిగుతుంటే పైపుల్లో గాలి చేరిందనుకోవాలి. తొక్కి పట్టుకుంటే మెల్లగా జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ మీద అనుమానం. గట్టిపడింది కాబట్టి లోపం చాలామటుకు బూస్టర్ వైపే ఉండాలి. వైపు అన్నాను, బూస్టర్ అనలేదు. నీ మెకానిక్ ఈ తేడా చూడకుండానే వస్తువు మార్చేద్దామంటున్నాడు.

బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు గోడకి గుండ్రటి నల్ల రేకు డబ్బా కనబడుతుంది చూడు, అదే బూస్టర్. దాని లోపల అడ్డంగా ఓ రబ్బరు పొర. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ దానికి గాలి అందించే మానిఫోల్డ్ ఓ లావుపాటి గొట్టంలోంచి డబ్బాలోని గాలిని పీల్చేస్తుంది. నువ్వు పెడల్ తొక్కగానే పొరకి నీ వైపున బయటి గాలి చొరబడుతుంది, అవతల వైపు ఖాళీగానే ఉంటుంది. ఆ తేడాయే పొరని ముందుకు నెడుతుంది. ఏడంగుళాల పొర మీద ఆ తోపుడు సుమారు 150 కిలోలు! 1927లో బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ దేవాంద్ర్ చూపించిన దారి ఇది, ఇప్పటికీ లక్షల బళ్లు ఆ దారినే ఆగుతున్నాయి. మీ బావమరిది డీజిల్ బండిలో మానిఫోల్డ్ పీల్చడం చాలదు కనక దానికి వేరే వాక్యూమ్ పంపు ఉంటుంది. అతని బండిలో ఇదే తేడా వస్తే ముందు ఆ పంపు చూడమను.

రేపు పొద్దున్నే ఓ పని చెయ్యి. బండి చదునైన చోట పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఉంచి, ఇంజన్ ఆపేసి పెడల్‌ని ఐదారుసార్లు తొక్కు. లోపల మిగిలిన వాక్యూమ్ ఖర్చయి పెడల్ గట్టిపడుతుంది. కాలు తియ్యకుండా అలాగే అదిమిపట్టి సెల్ఫ్ కొట్టు. ఇంజన్ అందుకోగానే పెడల్ నీ కాలికింద కొద్దిగా దిగాలి. దిగితే బూస్టర్‌కి ప్రాణం ఉన్నట్టే, అప్పుడు బ్రేకు ప్యాడ్లు, చక్రాల దగ్గర పట్టేసిన పిస్టన్లు చూడమను. దిగకపోతే రెండో పరీక్ష. ఇంజన్ రెండు నిమిషాలు తిరగనిచ్చి ఆపు. కాసేపాగి తొక్కు. మొదటిసారి లోతుగా, రెండోసారి కాస్త పైన, మూడోసారి ఇంకాస్త పైన ఆగాలి. మొదటి తొక్కుకే గట్టిగా తగిలితే వాక్యూమ్ అందడం లేదు, లేదా నిలవడం లేదన్నమాట.

అయితే మెకానిక్ చెప్పిందే నిజమైందిగా అంటావు. ఆగు, ఇందాక అన్నట్టు బూస్టర్ ఒక్కటే లేదక్కడ. గొట్టం ఉంది, గాలిని ఒకే వైపు పోనిచ్చే వాల్వ్ ఉంది. పాత బళ్లలో నేను ముందు అనుమానించేది వీటినే. గొట్టం పైకి నున్నగా కనిపించినా క్లిప్పు కింద చీలి ఉండొచ్చు, లోపలి పొర ఊడి దారి మూసెయ్యొచ్చు. వేడికి మెత్తబడితే, కొబ్బరిబోండాంలో నానిన కాగితపు స్ట్రా పీల్చగానే అంటుకుపోయినట్టు, ఇంజన్ పీల్చినప్పుడే మూసుకుని, ఆపగానే మామూలుగా తేలుతుంది. అందుకే ఇంజన్ నడుస్తుండగా దాన్ని వేళ్లతో పట్టి చూడు. వాల్వ్ ఊడదీసి రెండు వైపులా ఊదిచూడు, ఒకవైపు గాలి పోవాలి, రెండోవైపు పోకూడదు.

బూస్టరే పోయిందనడానికి గుర్తులు వేరు. బ్రేకు తొక్కి పట్టినంతసేపూ పెడల్ దగ్గర బుస్సుమని శబ్దం, దాంతోపాటు ఇంజన్ తడబడటం. అలా ఉంటే గొట్టం, వాల్వ్ బాగున్నాయని చూసుకుని నిశ్చింతగా మార్పించు. ఎక్కడా చుక్క కారకుండా బ్రేక్ ఆయిల్ తగ్గుతోందా? తగ్గితే మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోయి ఆయిల్ బూస్టర్‌లోకి చేరుతోందేమో చూడాలి. అప్పుడు రెండూ చూపించాలి, కొత్త బూస్టర్ ఒక్కటే వేస్తే అదీ తడిసిపోతుంది. వాక్యూమ్ గేజ్ ఉన్నవాడు దొరికితే మరీ మంచిది. మీ విశాఖలో ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజన్ ఐడిల్‌లో 18 నుంచి 22 అంగుళాల వాక్యూమ్ చూపించాలి. బాగా తక్కువైతే జబ్బు ఇంజన్‌ది.

"నా కాళ్లకి బలముంది, ఈ ట్రిప్పు తొక్కుకుంటూ వెళ్లొచ్చేస్తా" అనబోతున్నావు కదూ? వద్దురా. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. అంత పైన గేజ్ ముల్లు విశాఖలోకంటే దాదాపు మూడు అంగుళాలు తక్కువే చూపిస్తుంది. అసలే బలహీనపడ్డ బూస్టర్‌తో, పిల్లలు వెనక కూర్చుని ఉండగా, అనంతగిరి మలుపులు దిగుతావా? ఇంకో మాట, బాగైన తర్వాత కూడా దిగుడులో పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపకు. నీకా అలవాటుందని మీ ఆవిడే చెప్పింది. ఆపాక డబ్బాలో మిగిలేది రెండు మూడు తొక్కులకి సరిపడా వాక్యూమే. రెండో గేరులో దిగు, ఇంజనే సగం ఆపుతుంది.

గొట్టం కొనేటప్పుడు మందపాటి వాక్యూమ్ గొట్టమే అడుగు, మామూలు పెట్రోలు పైపు ముక్క తగిలిస్తానంటే ఒప్పుకోకు. వాల్వ్ మీద బాణం గుర్తుంటే అది ఇంజన్ వైపు ఉండాలి, తిప్పి పెడితే బూస్టర్‌కి వాక్యూమే అందదు. పరీక్షల్లో ఏం తేలిందో ఫోనులో చెప్పు, దాన్నిబట్టి ఏం కొనాలో మాట్లాడుకుందాం.

నీ
రామం