బండికి కళ్ళు లేవు

కారు గురించి రాయడానికి మీరెంతవారు అని ఎవరైనా అడిగితే మా దగ్గర జవాబు లేదు. మెట్రిక్కుతో చదువు ఆపి, బరంపురంలో ఒక ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా ఫైళ్ళు కదుపుతున్న గుమాస్తాలం. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితం మీద ఇంగ్లీషు. ఈ మూడింటిలో దేనిలోనూ మోటారు విద్య చదవలేదు. అయినా కిందటేడు మాకు జరిగిన ఒక అనుభవం రాసి పంపితే, మనవాళ్ళలో కొత్తగా కార్లు కొంటున్న కుటుంబాలకి పనికొస్తుందని మా ఆవిడ పట్టుబట్టింది. ఆ అనుభవం తరువాత ఆవిడ మాట కాదనే ధైర్యం మాకు లేదు.

‘మేము’ అంటున్నామని గొప్పకి పోతున్నామనుకోకండి. తప్పు చేసింది ఒక్కరే అయినా ఆవేళ కారులో వున్నది నలుగురం. అంచేత మేము అనడమే న్యాయం.

కారు కొత్తది కాదు. రెండు చేతులు మారి మా వాకిట్లోకి వచ్చింది. బేరం కుదరక మేము వెనక్కి తగ్గుతుంటే అమ్మేవాడు చివరి అస్త్రం తీశాడు. స్టీరింగు మీద వేలితో చూపించి, "బాబూ, దీనికి క్రూజ్ కంట్రోలు వుంది. బొత్తాం నొక్కితే చాలు, కాలు తీసేసినా బండి అదే వేగంతో పోతుంది" అన్నాడు. జీవితమంతా ఒకరి కింద పనిచేసినవాళ్ళకి, తమ కింద పనిచేసేది ఒకటి దొరికిందంటే వుండే సంతోషం మీకు తెలియనిది కాదు. మరునాడే డబ్బు కట్టేశాం.

కారుతోబాటు ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. డాష్‌బోర్డు సొరుగులో, వేసిన సంచీ వేసినట్టే వుంది. మాకంటే ముందు ఇద్దరు యజమానులు దాన్ని విప్పిన పాపాన పోలేదు. మేమూ ఆ సంప్రదాయమే పాటించాం. వేగం చూపించే ముల్లు తెలుసు, పెట్రోలు ముల్లు తెలుసు. ఇంతకంటే ఏం కావాలి? తాళం తిప్పగానే వరసగా వెలిగే ఆ ఎర్రదీపాలూ పచ్చదీపాలూ పెళ్ళిపందిరి దీపాల్లాగా ముచ్చటకి పెట్టారనుకున్నాం.

మా ఆవిడ మాత్రం మధ్యాహ్నాలు అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని ఆ పుస్తకం మొదలుపెట్టింది. ఇంగ్లీషు ముక్క అమ్మాయి చదివి చెప్పేది. ఆవిడ పాత పద్దుల పుస్తకం వెనక తెలుగులో రాసుకునేది. మేము ఆఫీసునించి వచ్చి కాఫీ తాగుతుంటే, "ఏమండీ, ఇవాళ ఏం తెలిసిందో విన్నారా?" అని మొదలుపెట్టేది. సగం వినేవాళ్ళం. బండి నడిపేది మేమాయె, ఇంట్లో కూచుని చదివేవాళ్ళు మాకు చెప్పడమేమిటని మనసులో చిన్న అహంకారం.

అప్పటికి మా అమ్మ శ్రీకాకుళంలో మా తమ్ముడి దగ్గర వుంది. అక్కడే ఆవిడ కుడికంటికి శుక్లం తీశారు. అక్టోబరులో ఒక ఆదివారం ఆవిడని ఇంటికి తెచ్చుకుందామని ముగ్గురం బయలుదేరాం. ఇచ్ఛాపురం దాటాక నాలుగు వరసల రోడ్డు, ఎండకాసిన ఉదయం, ముందు బండి లేదు. అప్పుడు మొదటిసారి బొత్తాం నొక్కాం. ముల్లు ఎనభై మీద నిలిచిపోయింది. కాలు తీశాం. బండి పోతూనే వుంది! మిట్ట వస్తే తనే గుంజుకుంటోంది, పల్లం వస్తే తనే తగ్గుతోంది. నౌపడా ఉప్పుగాలి తగిలే వేళకి మాకు విమానం నడుపుతున్నంత గర్వం కలిగింది.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ ముందు సీటులో, అమ్మా అమ్మాయీ వెనక సీటులో. అమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది. బయలుదేరే ముందు మా ఆవిడ దిగి వెళ్ళి ఆవిడకి సీటుబెల్టు పెట్టబోయింది. "నాకెందుకే అమ్మాయ్ ఈ వల్లెవాటు?" అని అమ్మ విసుక్కుంది. "పోనిద్దూ, వెనకవాళ్ళకి అక్కర్లేదులే" అన్నాం మేము. మా ఆవిడ మా మాట వినిపించుకోకుండా బెల్టు బిగించి వచ్చి కూచుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

టెక్కలి దాటాక బొత్తాం నొక్కి, కాలు మడిచి సీటు కిందికి పెట్టుకుని, అమ్మకి వైభోగం చూపించాం. "చూశావా అమ్మా, బండి తనంతట తనే పోతోంది" అన్నాం.

"అయితే నువ్వెందుకు నాయనా అక్కడ కూచున్నావు?" అంది అమ్మ.

అమ్మాయి పకపకా నవ్వింది. మేమూ నవ్వాం. ఆ ప్రశ్నకి అప్పుడే జవాబు ఆలోచించుకుని వుంటే ఈ వ్యాసం రాసే పని వుండేది కాదు.

పలాస దాటేసరికి మబ్బు పట్టింది. కంచిలి దగ్గరపడేసరికి వాన అందుకుంది. పొద్దు గుంకే వేళ. అద్దం తుడిచే చీపుర్లు టపటప కొట్టుకుంటున్నాయి. "ఏమండీ, వానలో అది వాడకూడదని పుస్తకంలో వుంది, తీసెయ్యండి" అంది మా ఆవిడ. "పుస్తకం రాసినవాడు ఈ రోడ్డు చూశాడా?" అన్నాం. బొత్తాం అలాగే వుంది. ముల్లు ఎనభై మీద అలాగే వుంది.

ముందు ఏదో నల్లగా కనిపించింది. చెట్టు నీడ అనుకున్నాం. నీడ కాదు, ఇటికలు వేసుకుపోతున్న ట్రాక్టరు ట్రాలీ. వెనక దీపం లేదు, కనీసం ఎర్రగుడ్డయినా లేదు. మేము చూశాం గాని బండి చూడలేదు. అది ఎనభైతోనే పోతోంది. బ్రేకు తొక్కుదామంటే కాలు సీటు కిందనించి రావాలి. వచ్చిన కాలు ముందు నేలకి తగిలింది, తరువాత బ్రేకుకి. గట్టిగా తొక్కాం. తొక్కగానే పాదం కింద గరగరమని శబ్దం, బ్రేకు గజగజ వణికింది. బ్రేకు విరిగిందనుకుని భయపడి కాలు వదులు చేశాం.

"వదలకండి! తొక్కే వుంచండి! అది అలాగే వణుకుతుంది!" అని మా ఆవిడ అరిచింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆవిడ మామీద అంత గట్టిగా అరవడం అదే మొదలు. ప్రాణం వున్నంత బలంతో తొక్కాం. ట్రాలీ వెనక పలక మీద తెలుగులో రాసిన ఊరి పేరు చదవగలిగేంత దగ్గరలో బండి ఆగింది. ట్రాక్టరువాడికి ఈ సంగతే తెలియదు. తన దారిన తను వానలో కలిసిపోయాడు.

వెనక్కి తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు. చూస్తే, అమ్మ కళ్ళద్దాలు కింద పడివున్నాయి. అమ్మ మాత్రం ఆ బెల్టులో బిగుసుకుని కూచునే వుంది. అది లేకపోతే ఆ ముఖం, వారం కిందట కత్తి పడిన ఆ కన్ను, మా సీటు వీపుకి కొట్టుకునేవి. తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

మెల్లిగా పోనిచ్చి ఒక టీ దుకాణం దగ్గర ఆపాం. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. అంటే బాగుండును. కాసేపటికి అమ్మే అంది: "మా అయ్య సంతనించి రాత్రిపూట బండి తోలుకొస్తూ నిద్రపోయేవాడు. ఎడ్లు ఎదురు బండికి తప్పుకుని, గొయ్యి చూసి పక్కకి తొలిగి, ఇంటి ముందుకి తెచ్చి నిలబెట్టేవి. వాటికి కళ్ళున్నాయి నాయనా. దీనికున్నాయా?"

లేవు. ఆ రాత్రి ఇంటికి చేరి మా ఆవిడ పద్దుల పుస్తకం అడిగి తీసుకుని, మొదటినించి చివరిదాకా చదివాం. అందులో మాకు పనికొచ్చినవి, మీకూ పనికొచ్చేవి కొన్ని చెబుతాం.

క్రూజ్ కంట్రోలుకి తెలిసింది ఒక్క వేగమే. చక్రాలు ఎంత వేగంతో తిరుగుతున్నాయో లెక్క చూసుకుని, తగ్గితే ఇంజనుకి మేత ఎక్కువ ఇస్తుంది, పెరిగితే తగ్గిస్తుంది. ముందు మనిషి వున్నాడా, గేదె వుందా అన్నది దానికి పట్టదు. నిటారు దిగుడులో మనం పెట్టిన వేగం దాటిపోవచ్చు కూడా. బ్రేకుగాని క్లచ్చిగాని తాకితే అది తప్పుకుంటుంది. మళ్ళీ పాత వేగానికి తెచ్చే బొత్తాం వేరే వుంటుంది. దాన్ని తెలియక నొక్కితే బండి ఒక్కసారిగా ముందుకి లాగుతుంది. వానలోనూ, ఘాట్‌లోనూ, రద్దీలోనూ దాన్ని వాడరాదు. తడిరోడ్డు మీద చక్రం పట్టు తప్పితే, ఆ సంగతి గ్రహించి కాలు ఎత్తేది మనిషేగాని అది కాదు. ఇప్పుడు రాడారుతోనో కెమెరాతోనో ముందు బండిని కనిపెట్టి తగ్గే రకాలు కొత్త కార్లలో వస్తున్నాయి. వాటిక్కూడా జోరువానలో చూపు మందగిస్తుంది. మాది ఆ రకం కాదు. ఎనభై వేగమంటే ఒక్క సెకనుకి 22 మీటర్లు. కాలు వెతుక్కోవడానికి రెండు సెకన్లు పడితే 44 మీటర్లు పోయినట్టే.

ఇక వణికిన బ్రేకు. దాన్ని ఏబీయస్ అంటారు. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగిసిపోయి జారకుండా, సెకనులో ఎన్నోసార్లు పట్టి వదులుతుంది. ఆ పట్టూవిడుపే కాలి కింద వణుకు. అప్పుడు కాలు తియ్యకూడదు. తొక్కే వుంచి స్టీరింగు తిప్పుకోవాలి.

దీపాల సంగతి మా ఆవిడ మూడు ముక్కల్లో రాసింది. ఎరుపు అయితే ఆగు. పసుపు అయితే చూపించు. ఆకుపచ్చా నీలమూ అయితే ఏదో పనిచేస్తోందని అర్థం. కొమ్ముచెంబు బొమ్మ ఎర్రగా వెలిగితే ఇంజనులో నూనె ఒత్తిడి పోయినట్టు. ఒక్క మైలు కూడా పోకుండా ఇంజను ఆపాలి. నీళ్ళలో మునిగిన థర్మామీటరు ఎర్రబడితే ఇంజను కాగిపోతున్నట్టు. ఆపి చల్లారనివ్వాలిగాని వేడిమీద రేడియేటరు మూత తియ్యరాదు. బ్యాటరీ బొమ్మ వెలిగితే ఛార్జి ఎక్కడం లేదన్నమాట. గుండ్రంలో ఆశ్చర్యార్థకం ఎర్రగా వుంటే చేతిబ్రేకు వేసి మరిచిపోయి వుండాలి, లేదా బ్రేకునూనె తగ్గి వుండాలి. గుర్రపులాడం లాంటి దానిలో ఆశ్చర్యార్థకం పసుపుగా వుంటే టైరులో గాలి తక్కువ. ఇంజను బొమ్మ పసుపుగా నిలిచి వెలిగితే మెకానిక్కు దగ్గరికి, ఆరుతూ వెలుగుతూ వుంటే వెంటనే మెల్లిగా పక్కకి. నీలం దీపం పెద్దవెలుతురుకి; ఎదురుబండి వస్తే తగ్గించడం మర్యాద. పెట్రోలు బొమ్మ పక్కన చిన్న బాణం వుంటే, టాంకు మూత ఆ వైపున వున్నట్టు. ఆ బాణం తెలియక మేము ఎన్ని బంకుల్లో అటుదిటు తిప్పామో! తాళం తిప్పగానే దీపాలన్నీ వెలిగి ఆరడం కూడా ముచ్చటకి కాదు. తమకు ప్రాణం వుందని హాజరు చెప్పుకోవడం.

2019 జూలై 1 తరువాత మన దేశంలో తయారైన కార్లకి, ఎనభై దాటితే ఆగి ఆగి మోగే గంట, నూటఇరవై దాటితే ఆగకుండా మోగే గంట తప్పనిసరి చేశారు. మా బండి అంతకు ముందుది. మాకు ఆ గంట మా ఆవిడే.

అమ్మాయి ఇంకో సంగతి వెతికి చెప్పింది. ఈ క్రూజ్ కంట్రోలు కనిపెట్టినాయన రాల్ఫ్ టీటర్ అనే అమెరికా ఇంజనీరు. ఆయనకి ఐదేళ్ళ వయసులో ప్రమాదం జరిగి రెండు కళ్ళూ పోయాయి. ఆయన లాయరు కారు నడుపుతూ, మాట్లాడేటప్పుడు ఒక వేగం, వినేటప్పుడు ఒక వేగం పోనిస్తుంటే, పక్కన కూచున్న ఈయనకి విసుగొచ్చి ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. 1950లో పేటెంటు వచ్చింది. 1958లో క్రైస్లర్ కంపెనీవారి ఇంపీరియల్ కారులో మొదటిసారి అమర్చారు. మాకు ఆశ్చర్యమేమంటే, చూపు లేని ఆ మహానుభావుడు తయారుచేసింది కాలికి సాయం చేసే పరికరం. కంటిపని ఆయన బండికి అప్పగించలేదు. రెండు కళ్ళూ వున్న మేము అప్పగించాం.

క్రూజ్ వాడడం మానేశారా అని అడుగుతారేమో. మానలేదు. ఎండకాసే ఉదయం, ఖాళీ రోడ్డు మీద ఇప్పటికీ వాడతాం. దూరప్రయాణంలో కాలికి సుఖం, వేగం నిలకడగా వుంటే పెట్రోలూ కొంత కలిసొస్తుంది. కాని కాలు మడిచి కూచోవడం లేదు. వెనకవాళ్ళ బెల్టులు బిగిసే దాకా తాళం తిప్పడం లేదు. తాళం తిప్పాక దీపాల హాజరు మా ఆవిడ చదువుతుంది, మేము "ఆజ్ఞా" అని ఒడియాలో బదులు చెబుతాం.

అమ్మకి ఆ కన్ను బాగా కుదిరింది. మొన్న రెండో కన్ను చూపించడానికి మళ్ళీ శ్రీకాకుళం తీసుకుపోయాం. ఇచ్ఛాపురం దాటి బొత్తాం నొక్కామో లేదో, వెనకనించి గొంతు వినిపించింది.

"కాలు ఎక్కడ పెట్టావు నాయనా?"

"బ్రేకు దగ్గరే వుందమ్మా" అన్నాం.