బాలురు – తుపాకి విద్య

తెల్లవారుచుండెను. కొండ యడుగున చదునుచేసిన నేలమీద ఎన్.సి.సి. బాలురు వరుసలు తీరి కూర్చుండిరి. అందఱును ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులే. మైదానమున కొకప్రక్క ఎఱ్ఱజెండా ఎగురుచుండెను. అది యెగురుచున్నంతసేపు మనుష్యులు గాని పశువులు గాని ఆ దాపునకు రాగూడదు. 25 గజముల దూరమున గుఱిపలకలు నిలుపబడియుండెను. వాని వెనుక ఎత్తైన మట్టికట్ట కలదు. బాలుర చేతి కిచ్చునది చిన్న రైఫిలే యైనను, దానినుండి వెడలిన గుండు అడ్డము లేనిచో రెండు కిలోమీటర్ల దూరమువఱకును పోగలదు. ఆ కట్ట అచ్చట నుండుట అందుకొఱకే.

శిబిరము ప్రారంభమై మూడు దినములైనను వారికి రైఫిలు నిచ్చిరి గాని తూటా నీయలేదు. రైఫిలును అందుకొనగనే బోల్టు తెఱచి లోపల తూటా యున్నదో లేదో చూచుట, గొట్టమును ఎల్లప్పుడును గుఱివైపునకే యుంచుట, ఆజ్ఞ యగువఱకు ట్రిగ్గరుపై వ్రేలు పెట్టకుండుట, కాల్చుట ముగిసినపిదప మరల బోల్టు తెఱచి చూపుట – ఇవియే పాఠములు. "ఈ మాత్రమునకు మూడు దినములా?" యని కొందఱు గొణగుకొనిరి. హవల్దారు వినియు విననట్లుండెను. మూడవనాటి సాయంకాలమున ఆయన ఒక బాలుని లేపి నియమములను చెప్పుమనగా, అతడు ఒక్క తప్పైనను లేక గడగడ అప్పగించెను. తోడివారు చప్పట్లు కొట్టిరి.

నాలుగవనాటి ఉదయమున మొదటి వరుసలో ఆ బాలుడే యుండెను. నేలపై బోరగిల పరుండి, గుఱిచూచి, ట్రిగ్గరు నొక్కెను. తూటా పేలలేదు. అతనికి తత్తరపాటు కలిగెను. రైఫిలును చేత పట్టుకొనియే ప్రక్కకు తిరిగి, "ఉస్తాద్, ఇది పేలలేదు" అనెను. శిక్షకుని అట్లు పిలుచుట సైన్యమున వాడుక. అతనితోపాటు గొట్టమును తోడి బాలుర వైపునకు తిరిగెను. హవల్దారు ఒక్క అంగలో వచ్చి గొట్టమును నేలకు అదిమిపట్టెను, బోల్టు తెఱచెను. తూటా లోపలనే యుండెను. ఎవ్వరును నవ్వలేదు. హవల్దారు కోపపడను లేదు. "బాబూ, నిన్న పాఠము చెప్పినది నీ నోరు. నీ చేయి దానిని ఇంకను నేర్చుకొనలేదు" అని మాత్రము పలికి, అతనిని లేపి వెనుక వరుసలో కూర్చుండబెట్టెను. ఆనాడు అతనికి మరి తూటా దొరకలేదు.

ఉదంతము చిన్నదే. కాని అందొక పెద్దప్రశ్న యిమిడియున్నది. పిల్లలకు తుపాకి కాల్చుట నేర్పవచ్చునా? నేర్పినచో వారికి క్షేమమా, అపాయమా? ఈ విషయమున పెద్దలు రెండు పక్షములుగా నున్నారు.

నేర్పవలెననువారు ఇట్లు వాదింతురు. దాచినకొలది వస్తువుపై మోజు హెచ్చును. నూయి యున్న యింట పిల్లలకు ఈత నేర్పుట మేలు గాని, నూతిని చూపకుండుట మేలు కాదు. కొడవలి పట్టుట నేర్చిన రైతుబిడ్డ వ్రేలు కోసికొనడు. అట్లే తుపాకి సంగతి యెఱిగిన బాలుడు దానితో ఆటలాడడు. నేర్పరాదనువారు దీనికి బదులు చెప్పుదురు. కొడవలి జాఱినచో పట్టినవాని వ్రేలు తెగును. తుపాకి జాఱినచో దూరమున నున్న నిరపరాధి ప్రాణము పోవును. బాల్యము తొందరపాటునకు నెలవు. ఒక్క నిమిషపు కోపము, ఒక్క నిమిషపు వేడుక, మరల దిద్దుకొనరాని తప్పునకు కారణము కాగలదు. కావున ఆ వస్తువు బాలుర చేతికి చేరకుండుటయే మేలని వారి తలంపు.

రెండు వాదములందును సత్యము కలదు. అందువలన వాదములను విడిచి లోకమున జరుగుచున్నదానిని చూడవలెను.

స్విట్జర్లాండు దేశమున జూరిచ్ నగరమున ప్రతి సంవత్సరము సెప్టెంబరు నెలలో బాలుర గుఱికాల్పు పండుగ జరుగును. 13 మొదలు 17 ఏండ్లవఱకు వయసుగలవారు అందు పాల్గొందురు. మొదట బాలురకే యున్న ఈ పోటీలో 1991 నుండి బాలికలకును ప్రవేశము కలిగినది. సైనికులు వాడు రైఫిలుతో 300 మీటర్ల దూరమున నున్న గుఱిని కాల్చవలెను. ఒక్కొక్కరికి లెక్కకై ఐదు తూటాలు మాత్రమే. పెద్దవాడొకడు ప్రక్కనే యుండి కనిపెట్టుచుండును. చుట్టును రంగులరాట్నములు, మిఠాయి దుకాణములు, జనసమ్మర్దము. కాల్చుచోట మాత్రము నిశ్శబ్దము, నియమము.

మన దేశమునను ఇట్టి మార్గము లేకపోలేదు. ఎన్.సి.సి. 1948లో చేసిన చట్టముచే ఏర్పడినది. 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి 21 సంవత్సరములు నిండనివారికి సాధారణముగా తుపాకి లైసెన్సు దొరకదు. ఐనను 2016 నాటి ఆయుధ నియమములు 12 ఏండ్లు నిండిన బాలబాలికలు పెద్దల ప్రత్యక్ష పర్యవేక్షణమున గుఱికాల్పు అభ్యసించుటకు అవకాశ మిచ్చినవి. హైదరాబాదునకు చెందిన ఈషా సింగ్ 2018లో, 13 ఏండ్ల ప్రాయమున, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ జాతీయపోటీలో పెద్దలను మించి స్వర్ణపతకము గెలిచెను. 2008లో బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో అభినవ్ బింద్రా ఎయిర్ రైఫిల్ పోటీలో భారతదేశమునకు తొలి వ్యక్తిగత స్వర్ణపతకమును తెచ్చెను. ఆ పోటీలో గుఱిపలక నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే! దానిని కొట్టుటకు బలము చాలదు. ఊపిరి నిలుపవలెను, మనసు నిలుపవలెను. ఆ క్రీడాకారులు కాల్చని సమయమున తుపాకి గొట్టములో మెఱయు రంగుగల త్రాటినో పుల్లనో దూర్చియుంచవలెనను నియమము కలదు. దూరమునుండి చూచువానికిని ఈ తుపాకి ఖాళీయని తెలియుటకే ఆ యేర్పాటు. పతకములు గెలిచిన చేతులకు సైత మీ నియమమునుండి మినహాయింపు లేదు.

ఇంతవఱకు చూచినచో నేర్పుటయే మేలని తోచును. కాని రెండవవైపును చూడవలసియున్నది.

అమెరికా దేశమున అనేక గృహములలో తుపాకులు కలవు. అచ్చటి పిల్లలకు చిన్ననాటనే, "ఆగుము, తాకకుము, దూరముగా పొమ్ము, పెద్దలకు చెప్పుము" అని నేర్పు పద్ధతి యున్నది. ఈ బోధ ఎంతవఱకు ఫలించునో పరీక్షింపదలచి కొందఱు వైద్యులు ఒక ప్రయోగము చేసి 2001లో ప్రకటించిరి. 8 మొదలు 12 ఏండ్ల వయసుగల 64 మంది బాలురను 29 చిన్నజట్లుగా చేసి, ఒక్కొక్క జట్టును ఒక గదిలో విడిచిరి. అచ్చటి సొరుగులో నిజమైన పిస్తోలు నొకదానిని, పేలకుండ మార్చి, ఉంచిరి. 21 జట్లు దానిని కనుగొనెను. వానిలో 16 జట్ల బాలురు దానిని చేతబట్టిరి. 10 జట్లలో ఎవడో ఒకడు ట్రిగ్గరును సైతము నొక్కెను. చేతబట్టినవారిలో నూటికి తొంబదిమందికి పైగా తుపాకి జాగ్రత్తలను గూర్చి ఏదో యొక బోధ మునుపే వినియుండిరి! అది పేలు తుపాకి యైనచో ఎన్ని యిండ్ల దీపము లాఱియుండెడివో!

2004లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనలో నాలుగైదేండ్ల పిల్లలు నియమములను చక్కగా వల్లించిరి. కాని ఒంటరిగా తుపాకి యెదుట నిలిచినప్పుడు వానిని పాటింపలేదు. మాటలతో గాక చేతలతో మరల మరల అభ్యాసము చేయించినప్పుడు మాత్రము కొంత మేలు కనబడెను. ఆ దేశమున 1 మొదలు 19 ఏండ్లలోపు వారి మరణములకు కారణములలో 2020లో తుపాకియే మొదటి స్థాన మాక్రమించినది. అంతకుముందు ఆ స్థానము వాహనప్రమాదములది. ఆ మరణములలో పొరపాటున జరిగినవి కొన్నియే. తక్కినవి పెక్కులు హత్యలు, ఆత్మహత్యలు. గుఱి నేర్పినంతమాత్రమున కోపమును, నిరాశయు తొలగిపోవని దీనివలన గ్రహింపవలెను.

మన పురాణములు ఈ సంగతిని ఏనాడో చెప్పియున్నవి. దశరథుడు యువరాజుగా నున్న కాలమున శబ్దమును బట్టి బాణము వేయుటలో మేటి యని పేరొందెను. ఒక వానకాలపు రాత్రి సరయూతీరమున ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి, కంటితో చూడకయే బాణము విడిచెను. అది తల్లిదండ్రులకై కుండతో నీరు ముంచుచున్న మునిబాలునికి తగిలెను. దశరథునికి నేర్పు చాలక ఆ ఘోరము జరుగలేదు; నేర్పు మిక్కుట మగుటవలననే జరిగెను. గుఱి తప్పెడివాడే యైనచో ఆ బాలుడు బ్రతికియుండును. ఎదుట నున్నది ఏమో నిశ్చయముగ తెలియక ఆయుధము విడువరాదనుట ఆ కథలోని నీతి. పొదలో కదలినది అడవిపంది యని నాటుతుపాకితో కాల్చి, తోడి వేటగానినే పోగొట్టుకొన్న వార్తలు నేటికిని వినబడుచునే యున్నవి.

భారతమున మఱియొక కథ కలదు. ద్రోణుడు బ్రహ్మశిరోస్త్రమును అర్జునునికి ఉపదేశించెను. కుమారుడైన అశ్వత్థామ తనకును కావలెనని కోరగా, అతని చపలస్వభావ మెఱిగియు, మనసొప్పకయే ఇచ్చెను. యుద్ధాంతమున ఇరువురును ఆ అస్త్రమును ప్రయోగించిరి. లోకమునకు కీడు మూడుచున్నదని మునులు అడ్డుపడగా అర్జునుడు తన అస్త్రమును ఉపసంహరించెను. అశ్వత్థామకు అది చేతగాలేదు. ఇరువురకును గురువు ఒక్కడే, విద్యయు ఒక్కటియే. ఐనను ఒకనికి ప్రయోగమును ఉపసంహారమును రెండును వచ్చెను. రెండవవానికి ప్రయోగము మాత్రమే వచ్చెను. ఆ భేదము అస్త్రమున లేదు, చిత్తమున నున్నది.

కావున మొదటి ప్రశ్నను రెండుగా విడదీయవలెను. తగిన వయసు వచ్చినపిదప, మైదానమున, శిక్షకుని కనుసన్నలలో, గుఱికాల్పు నేర్పవచ్చునా? నేర్పవచ్చును. అది కాల్చుటకంటె కాల్చకుండుటను హెచ్చుగా నేర్పు విద్య. ఐతే ఈ విద్య నేర్చిన పిల్లలున్న యింట తుపాకిని విచ్చలవిడిగా ఉంచవచ్చునా? ఎంతమాత్రమును ఉంచరాదు. తుపాకిని ఖాళీచేసి పెట్టెలో తాళమువేయుట, తూటాలను వేఱొకచోట తాళమువేయుట, తాళపుచెవిని తనవద్దనే యుంచుకొనుట – ఇది పెద్దల ధర్మము. "మావానికి అన్నియు నేర్పితిని, వాడు ముట్టడు" అని నిశ్చింతగా నుండుట, పెద్దలు తమ బరువును పసివాని భుజముపై మోపుటయే యగును.

పిల్లల ధర్మమును కొంత కలదు. తుపాకి ఎచ్చట కనబడినను, అది బొమ్మవలె తోచినను, చెలికాడు "ఇది ఖాళీదే" యని ప్రమాణము చేసినను, తాకక దూరముగా పోయి పెద్దలకు చెప్పవలెను. తోడివారు పిఱికివాడని నవ్వవచ్చును. ఆ నవ్వును సహింపగలవాడే తుపాకి విద్యకు అర్హుడు.

శిబిరమున కడపటి దినము వచ్చెను. వెనుక వరుసలో కూర్చుండిన బాలుడు మరల పిలువబడెను. నడుమ నున్న దినములలో అతడు నియమములను నోట వల్లింపలేదు. ఖాళీ రైఫిలుతో సాయంకాలము లన్నియు బోల్టు తెఱచుట, చూచుట, నేలనుంచుట, ఇదియే అభ్యాసము చేసెను. ఈ మాఱు ఐదు తూటాలును పేలెను. ముగియగనే అతడు బోల్టు తెఱచి, లోపల చూచి, గొట్టము గుఱివైపునకే యుండునట్లు రైఫిలును మెల్లగా నేలపై నుంచి, చేతులు తీసివేసెను. ఆపిమ్మటనే తలయెత్తి, "ఉస్తాద్, ఎన్ని తగిలినవి?" అని అడిగెను.

గుఱిపలకకు తగిలినవి రెండే. ఐనను హవల్దారు ఆ పలకవైపు చూడనే లేదు. నేలపై నున్న రైఫిలును, తెఱచియున్న బోల్టును చూచి, "శభాష్" అనెను.