నలభై ఎనిమిది నక్షత్రాలు

రండి, రండి. కాస్త నేల చూసుకుంటూ అడుగు వేయండి, ఆ న్యూస్‌పేపర్ల మీద పరిచినవాటికి రంగు ఇంకా పచ్చిగా ఉంది. గోడవార పీట వేశాను, కూర్చోండి. పొయ్యి మీద టీ మరుగుతోంది. ఏటా డిసెంబరు మొదటి వారంలో మా ఇల్లు ఇలాగే ఉంటుంది. వరండాలో నక్షత్రం వెలుగుతుంటుంది, వంటింట్లోంచి బెల్లం పాకం వాసన వస్తుంటుంది, ముందుగది నేలంతా క్రిస్మస్ కార్డులు పరుచుకుని ఉంటాయి.

మొత్తం 48. చూసినవాళ్ళంతా "ఇన్ని చేయడానికి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా" అంటారు. ఓపిక సంగతి కాదండీ, వరస సంగతి. కజ్జికాయలు చేసేటప్పుడు ఎవరైనా ఒక్క పూరీ వత్తి, అందులో చెంచాడు పూర్ణం పెట్టి, మడిచి, నూనె కాచి, ఆ ఒక్కటీ వేయించి తీసి, మళ్ళీ రెండోదానికి పిండి చేతిలోకి తీసుకుంటారా? ఒకరు వత్తుతుంటే ఒకరు పూర్ణం పెడతారు, ఇంకొకరు అంచులు నొక్కుతారు, పళ్ళెం నిండాకే బాణలి పొయ్యెక్కుతుంది. బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ ఎరిగిన పద్ధతే అది. వంటింట్లో అంత బాగా తెలిసినదాన్ని ముందుగదిలోకి తెచ్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మొదట్లో ఒక్కో కార్డునూ మొదలు నుంచి చివరిదాకా పూర్తిచేసేదాన్ని. కాగితం కొలవడం, కోయడం, బొమ్మ గీయడం, రంగు వేయడం, అది ఆరేదాకా ఎదురు చూడడం, అంటించడం, రాయడం. మళ్ళీ కాగితం, మళ్ళీ స్కేలు. ఒక ఏడాది డిసెంబరు 20 వచ్చేసరికి 11 కార్డులే తయారయ్యాయి. మిగతావాళ్ళకి కొట్టులో కొన్నవి పంపాను. పండగయ్యాక ఊరెళితే మా పెద్దమ్మ ట్రంకుపెట్టె తెరిచి, నేను అంతకుముందు పంపినవన్నీ తీసి మంచం మీద వరసగా పెట్టింది. "ఈసారి నీ చేతిది రాలేదేం తల్లీ" అంది. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అడిగింది. ఆ మాట చాలా రోజులు నా మనసులోంచి పోలేదు.

ఆ తర్వాత ఎండాకాలంలో మచిలీపట్నం వెళ్ళినప్పుడు పక్కనే ఉన్న పెడనకి పోయి, కలంకారీ అద్దకం దగ్గరగా నిలబడి చూశాను. టేకు చెక్క మీద చెక్కిన అచ్చు. దాన్ని రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క పోటు పొడుస్తారు. ముందు బట్ట ఈ కొస నుంచి ఆ కొసదాకా గీతల అచ్చు ఒక్కటే పడుతుంది. అది అయ్యాకే లోపల రంగు నింపే అచ్చులు వస్తాయి, రంగుకొకటి చొప్పున. ఒక పువ్వు మొత్తం పూర్తిచేసి రెండో పువ్వు దగ్గరికి జరగడమన్నది అక్కడ లేదు. అలాగని దాన్ని చేతిపని కాదనే మనిషి ఉంటాడా? ఒకచోట రంగు కాస్త చిక్కగా, ఒకచోట కాస్త పలచగా పడి ఉంటుంది, మనిషి చెయ్యి అక్కడ కనిపిస్తూనే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని, పనిని ముక్కలు చేసినంత మాత్రాన చెయ్యి మాయమైపోదని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

తర్వాత చదివితే తెలిసింది, క్రిస్మస్ కార్డు పుట్టుకే ఇలాంటిదట. లండన్‌లో హెన్రీ కోల్ అని ఒకాయన ఉండేవారు. 1840లో అక్కడ పెన్నీ పోస్టు వచ్చి ఉత్తరం చవకైపోయింది, ఆ ఏర్పాటులో ఆయన చెయ్యి కూడా ఉంది. చవకయ్యాక ఉత్తరాలు వెల్లువెత్తాయి, పండక్కి అందరికీ విడివిడిగా జవాబు రాయడానికి ఆయనకి తీరిక లేకపోయింది. 1843లో జాన్ కాల్‌కాట్ హోర్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించి, రాతి అచ్చు మీద గీతల వరకే అచ్చువేయించి, రంగులు మాత్రం చేత్తో వేయించారు. మిగిలినవి షిల్లింగుకొకటి చొప్పున అమ్మకానికి పెట్టారు. అంటే మొట్టమొదటి కార్డే పెడన పద్ధతిలో వచ్చిందన్నమాట, ముందు గీత, తర్వాత రంగు. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆ కార్డులో ఎవరికి, ఎవరి నుంచి అన్న రెండు చోట్లూ ఖాళీగా వదిలేశారు. పేర్లు మాత్రం పంపేవాళ్ళే రాసుకోవాలి. ఆ ఖాళీల దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇదిగో టీ. అల్లం కాస్త ఎక్కువ పడిందేమో చూడండి.

48 లెక్క ఎలా వచ్చిందంటే, 24 ఏ4 ఐవరీ షీట్లు. ఒక్కో షీటు అడ్డంగా రెండు ముక్కలు, ఒక్కో ముక్క మడిస్తే ఒక కార్డు. 300 జీఎస్ఎం కాగితం తీసుకుంటాను, అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు తూగేది. 16 ఏ4 కాగితాలు పక్కపక్కన పేరిస్తే ఒక చదరపు మీటరు అవుతుంది, కాబట్టి ఒక షీటు 19 గ్రాములకి కాస్త తక్కువ తూగుతుంది, అందులో సగమే కార్డు. కవరు కలిపినా 13 గ్రాముల దగ్గర ఆగుతుంది. పోస్టులో ఉత్తరానికి మొదటి తూకం 20 గ్రాములు. అంటే పైన లేసో పూసో పెట్టుకోవడానికి ఇంకో ఆరేడు గ్రాములు మన చేతిలో ఉన్నట్టు. మొదటి కార్డు తయారవగానే వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తాను. 48 చేశాక బరువు ఎక్కువైందని తెలిస్తే చేసేదేమీ ఉండదు.

కాగితానికి కూడా గుడ్డకున్నట్టే పోగు ఉంటుంది. షీటును రెండు చేతులా పట్టుకుని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లిగా వంచి చూడండి. ఎటు వంచితే సులువుగా లొంగుతుందో అటు మడత నున్నగా వస్తుంది. రెండో వైపు మడిస్తే వీపు మీద పగుళ్ళు లేస్తాయి, ముదురు రంగు కాగితమైతే ఆ పగుళ్ళలోంచి తెల్లగా కనిపిస్తుంది. ఇది తెలియక ఒక ఏడు ఎర్ర కాగితం కట్టంతా పాడుచేసుకున్నాను.

కోతకి ప్రతిసారీ స్కేలుతో కొలవను. గట్టి అట్టముక్కని సరిగ్గా కార్డు కొలతకి కోసుకుని, నడిమి మడత దగ్గర అంచుల్లో రెండు చిన్న గంట్లు పెట్టుకున్నాను. దాన్ని కాగితం మీద పెట్టి, గంట్ల దగ్గర పెన్సిలుతో చుక్కపెట్టి, స్టీలు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో ఒక్క గీత లాగుతాను. ఇదిగో, ఈ పెన్నే. దీని మొన గుండ్రంగా ఉంటుంది కాబట్టి కాగితం తెగదు, సన్నటి కాలువలా నొక్కు పడుతుంది. వేలితో తడిమి చూడండి, తెలుస్తోందా? రేపు ఆ కాలువ వెంటే మడత తనంతట తనే దిగిపోతుంది. ఇప్పుడే మడవకూడదు. మడిస్తే రంగు వేసేటప్పుడు కార్డు లేచి నిలబడుతుంది, చెయ్యి జారుతుంది. నొక్కు ముందు, రంగు తర్వాత, మడత చిట్టచివర.

బొమ్మకి స్టెన్సిలు వాడతాను. దానికి పాత ఎక్స్‌రే ఫిల్ముని మించింది లేదు. పలచగా ఉంటుంది, తడికి నానదు, కట్టరుకి చక్కగా తెగుతుంది. ఐదు మొనల నక్షత్రం, కింద పాక చూరు, అంతే. మొదటి ఏడాది ఉత్సాహం కొద్దీ మెదక్ చర్చి కోద్దామనుకున్నాను. 1924లో క్రిస్మస్ రోజునే ప్రతిష్ఠ జరిగిన గుడి కదా, మనవాళ్ళందరికీ చూడగానే తెలుస్తుందని ఆశ. కానీ శిఖరాల సన్నటి మొనలు స్పాంజి తగిలినప్పుడల్లా వంగిపోయి, పది కార్డులకే ఫిల్ము చిరిగిపోయింది. స్టెన్సిలులో మిగిలే సన్నటి పట్టీలన్నీ అగ్గిపుల్లంత వెడల్పయినా ఉంటే తప్ప 48 సార్లు ఓర్చుకోలేవు. అదీగాక పది నిమిషాలు పట్టే బొమ్మ ఒక్క కార్డు మీద ముచ్చటగా ఉంటుంది, 48 కార్డులంటే ఎనిమిది గంటలు కూర్చోవాలి. అందుకే మచ్చుకి ఒక కార్డు ముందు పూర్తిగా చేసి, గడియారం చూసి, మూడు పనులు దాటకుండా బొమ్మని కుదించుకుంటాను.

రంగు గట్టి పెరుగులా ఉండాలి. నీళ్ళగా ఉంటే ఫిల్ము అడుక్కి పాకిపోయి అంచులు చెదిరిపోతాయి. స్పాంజి ముక్కకి రంగు అద్ది, ముందు పాత కాగితం మీద రెండుసార్లు తట్టి, తర్వాత కార్డు మీద పైనుంచి కిందికి తడుతూ పోవాలి, పక్కకి రుద్దకూడదు. ఐదారు కార్డులకొకసారి ఫిల్ము అడుగు తుడవాలి. నా దగ్గర ఒకే రకం ఫిల్ములు రెండున్నాయి, ఒకటి తుడిచి ఆరబెట్టేలోగా రెండోది పనిలో ఉంటుంది.

ఇక ఒక్కో విడతకి ఎన్ని వేయాలన్నది నేను చాలా ఆలోచించి కుదుర్చుకున్నాను. ఒక నక్షత్రం వేయడానికి నాకు నిమిషంన్నర. ఈ చలిగాలికి పోస్టర్ కలర్ 18 నిమిషాల్లో ఆరుతోంది. 18ని ఒకటిన్నరతో భాగిస్తే 12. పన్నెండో కార్డు మీద నక్షత్రం పెట్టి తలెత్తేసరికి మొదటిది ఆరి సిద్ధంగా ఉంటుంది, దాని మీద చూరు వేయడం మొదలుపెడతాను. చెయ్యి ఆగదు, కార్డు నాకోసం ఆగదు, నేను దానికోసం ఆగను. అందుకే 12 చొప్పున నాలుగు విడతలు. మీ ఊళ్ళో గాలి తేమగా ఉండి ఆరడానికి అరగంట పడితే 20 చొప్పున పెట్టుకోండి. ముందు రంగు ఎంతసేపట్లో ఆరుతుందో చూసుకోండి, లెక్క అందులోంచే వస్తుంది.

ఆరాయనుకుని తొందరపడి దొంతి పెడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. మెరుపు జిగురు పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడిగానే ఉంటుంది. ఒకసారి రాత్రి దొంతి పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే తొమ్మిది కార్డులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, విడదీస్తే ఒకదాని నక్షత్రం ఇంకొకదాని వీపు మీదికి వచ్చేసింది. అప్పట్నుంచీ మెరుపుల జోలికి పోవడం లేదు. నక్షత్రం మధ్యలో చిన్న బంగారు రంగు బొట్టుబిళ్ళ అంటిస్తాను. జిగురు దానికే ఉంటుంది, ఆరే పని లేదు. అంచుకి మా వీధి దర్జీ అక్క దాచిపెట్టే జరీ ముక్కలు. వాటికి ఫెవికాల్ రెండంటే రెండు చుక్కలు చాలు, ఎక్కువైతే ఆ తడికి కాగితం ఉబ్బి అలలు తేలుతుంది. చివరికి అన్నీ మడిచి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, పైన నిండు పప్పుడబ్బాలు రెండు పెట్టి రాత్రంతా ఉంచుతాను. పొద్దున్నకి బల్లపరుపుగా ఉంటాయి.

శనివారం మా వీధి పిల్లలు వస్తారు. వాళ్ళకి నేను పని అప్పగించేది కూడా వరసలోనే. ఒకరు చుక్కలు పెట్టడం, ఒకరు బొట్టుబిళ్ళలు, ఒకరు ఆరినవాటిని ఎత్తడం. అయితే ప్రతి పిల్లకీ ఒక్క ఖాళీ కార్డు మాత్రం వాళ్ళ ఇష్టానికే ఇచ్చేస్తాను. యూనిసెఫ్ మొదటి కార్డు 1949లో వచ్చింది, అందులో బొమ్మ వేసింది చెకొస్లొవేకియాలో జిట్కా సామ్‌కోవా అనే ఏడేళ్ళ పిల్ల. యుద్ధం తర్వాత రోజులు, కాగితం దొరక్క గాజుపలక మీద వేసిందట. అందులో మంచూ లేదు, తెల్లగడ్డం తాతా లేడు. ఎత్తయిన స్తంభం చుట్టూ ఆడే పిల్లలు, పైన సూర్యుడు. అది తెలిశాక మా పిల్లలు కార్డు మీద గేదెను గీసినా, తాటిచెట్టు గీసినా నేను దిద్దను. పోయినేడు ఒక పాప పశువుల తొట్టి పక్కన వాళ్ళింటి మేకని పెట్టింది, చెవి మీద తెల్లమచ్చతో సహా. ఆ కార్డు ఎవరికీ పంపలేదు, చూడండి, ఆ అద్దం పక్కనే ఉంది.

ఇప్పుడు ఆ ఖాళీల సంగతి. అన్నీ విడతలవారీగా చేస్తాను గానీ, లోపలి రాత మాత్రం ఎప్పుడూ అలా చేయను. కొన్నాళ్ళు చేసి చూశాను. 48 కార్డుల్లోనూ ఒకే వాక్యం ఒకే ఊపులో రాసేస్తే అరగంటలో అయిపోయింది. కవర్లలో పెడుతుంటే ఎవరికి ఏది వెళ్తున్నా ఒకటే అనిపించి చెయ్యి ఆడలేదు. కోతలో, రంగులో, మడతలో మిగుల్చుకున్న గంటలన్నీ నేను దాచుకున్నది ఇక్కడ ఖర్చు పెట్టడానికే. రాత్రికి ఐదే ఐదు. ముందు ఆ మనిషిని తలుచుకుని, ఈ ఏడాది వాళ్ళింట్లో ఏం జరిగిందో గుర్తుచేసుకుని అప్పుడు కలం పడతాను. కొడుకు ఉద్యోగం, కోడలి పురుడు, మోకాలి ఆపరేషను, పోయిన మనిషి. ఆ ఏడాది ఎవరినైనా పోగొట్టుకున్న ఇంటికి రాసే కార్డు మీద జరీ పెట్టను, నక్షత్రం ఒక్కటే ఉంచుతాను.

పెద్దమ్మది నిన్న రాత్రే రాశాను. ఇప్పుడామెకి చూపు ఆనడం లేదు, అందుకని పేజీకి నాలుగే వరసలు, అక్షరాలు బొటనవేలంత. నక్షత్రం అంచు వెంట దారం కుట్టాను, వేళ్ళతో తడిమి చూసుకుంటుందని.

టీ చల్లారిపోతోంది, తాగండి. అదిగో, ఆ చివర వరస ఆరిపోయింది, అందులో మీకు నచ్చింది ఒకటి తీసి నా చేతికివ్వండి. ఇప్పుడు మీ ఇంట్లో అందరి పేర్లూ చెప్పండి, చిన్నపాపతో మొదలుపెట్టి.