పేరు కలపడం, పని నూరడం

సదుంలో పొద్దున్నే వంటింట్లో గుర్రుమనే దాన్ని మిక్సీ అంటారు. పుంగనూరులోనూ, మదనపల్లె అంగళ్లలోనూ అదే మాట. కుప్పం దాటి కృష్ణగిరి వైపు పోతే తమిళులకూ అది మిక్సీయే, కోలారు వైపు కన్నడిగులకూ మిక్సీయే. మూడు భాషలూ పేచీ లేకుండా ఒప్పుకున్న ఈ మాటకు అర్థం ‘కలిపేది’ అని. మన మిక్సీ చేసేది మాత్రం ముప్పాతిక మువ్వీసం నూరుడే.

ఇంగ్లీషువాళ్ల మిక్సర్‌కు ఆ పేరు సరిపోయింది. గుడ్లు గిలక్కొట్టడం, కేకు పిండి కలపడం దాని పని. ఎండుమిరపకాయలూ పసుపుకొమ్ములూ దాని ఊహలోనే లేవు. 1960ల మొదట్లో బొంబాయిలో మాధురీ మాథుర్ అనే ఆవిడ ఇంట్లో జర్మనీవారి బ్రాన్ మిక్సర్ మన వంటకు తాళలేక మూలపడింది. బాగుచేసే దిక్కు లేదు. ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ సీమెన్స్‌లో ఇంజినీరు. ఆయన అంతకంటే గట్టి మోటారు మీద పనికి దిగి, 1963లో సొంత కంపెనీ పెట్టారు. సుమీత్ మిక్సీ అందులోంచి వచ్చిందే. మోటారు మారింది గానీ పేరు మారలేదు. ‘మిక్సర్’ తోక కోసి ముద్దుగా ‘ఈ’ తగిలించింది మనవాళ్లే.

మాట పరాయిదని మరీ దూరం పెట్టనక్కర్లేదు. ఇంగ్లీషు ‘మిక్స్’ లాటిన్ నుంచి వచ్చింది. దాని మూలమూ, సంస్కృత ‘మిశ్ర’కు మూలమూ ఒకటేనని భాషాశాస్త్రం చెబుతుంది. ఆ లెక్కన మిశ్రమమూ మిక్సీ దూరపు దాయాదులు.

మిక్సీ తోసేసిన రోలు ఇంకా పాతకాపు. తెలుగు రోలు, తమిళ ఉరల్, కన్నడ ఒరళు ఒకే పాత మాట నుంచి చీలాయి. తెలుగులో ముందున్న అచ్చు లోపలికి జరిగి ‘ర’ ముందుకొచ్చింది. ఇరండు మనకు రెండు అయ్యిందీ ఇలాగే. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు. అక్కడి విద్యార్థికి ఈ పాఠం పుస్తకంలోనే కాదు, ఊళ్లో అంగడి దగ్గరా వినబడుతుంది.

అసలు నష్టం క్రియల దగ్గర జరిగింది. రాగులు ఇసుర్రాయిలో ఇసిరేవారు. మిరపకాయలు రోట్లో దంచేవారు. ఇడ్లీ పిండి రుబ్బేవారు. మసాలా బండ మీద నూరేవారు. చేయి కదిలే తీరును బట్టి ఒక్కో పనికి ఒక్కో మాట. ఇప్పుడు అన్నిటికీ ‘మిక్సీకి వేయడం’ ఒక్కటే. రుబ్బడానికి కోయంబత్తూరు గ్రైండర్ ఉంది గనుక ఆ మాట కాస్త బతికింది. పైగా అది రాయితో రుబ్బుతుంది, పేరుకు తగ్గ పనే.

ఈ తేడా నాలుక్కు తెలిసేది ఊరిబిండి దగ్గర. వేయించిన చెనిక్కాయలు, మిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డలు పలుకు పలుకుగా నలగాలి, అప్పుడే రాగిసంగటికి జత. రోకలి పలుకును చితగ్గొడుతుంది. మిక్సీ బ్లేడు నిమిషానికి పద్దెనిమిది వేల చుట్ల దాకా తిరిగి కోసిపడేస్తుంది, రెప్పపాటులో పేస్టు. అందుకే చెయ్యి తిరిగిన ఆడవాళ్లు మీటను వెనక్కి తిప్పి ఠక్కున వదులుతారు. మళ్లీ తిప్పి మళ్లీ వదులుతారు.

మిక్సీకి అచ్చ తెలుగు పేరు పెట్టాలని పట్టుబట్టేవాళ్లు ఆ శ్రమ మానుకోవచ్చు, ఎవరూ పలకరు. పోతున్నవి పేర్లు కావు, పనులు చెప్పే మాటలు. ఇంట్లో అవ్వ ఉంటే ఇసరడానికీ రుబ్బడానికీ నూరడానికీ తేడా ఏమిటో అడిగి, ఆమె మాటల్లోనే రాసి పెట్టుకోండి.