తండ్రీకొడుకులు, రెండు సీమలు

చెన్నై సెయింట్ జార్జి కోటలో క్లైవ్ హౌస్ కనిపిస్తుంది. అక్కడి సెయింట్ మేరీస్ చర్చిలోనే 1753లో రాబర్ట్ క్లైవ్, మార్గరెట్ మాస్కెలిన్‌ల పెళ్లి జరిగింది. ప్లాసీ విజేతకు 1762లో దక్కింది మాత్రం ఐర్లండ్ బిరుదే. దాంతో బ్రిటన్ ప్రభువుల సభలో చోటు రాదు. ఆయన కామన్స్ సభలోనే ఉండిపోయాడు.

తెలుగు నేలపై ఆ కుటుంబానికి దక్కింది తక్కువేం కాదు. 1765లో మొగల్ ఫర్మానాతో ఉత్తర సర్కారులను కంపెనీకి రాయించుకుంది తండ్రి. కొడుకు ఎడ్వర్డ్ మద్రాసు గవర్నరుగా ఉండగా, 1800లో నిజాం సైన్యం ఖర్చు కింద కడప, అనంతపురం, బళ్లారి సీమలను కంపెనీకి వదిలేశాడు. ఎడ్వర్డ్ 1804లో ఎర్ల్ అయ్యాడు. అక్కడి జనాన్ని ఎవరూ అడగలేదు. వారికి మిగిలింది 'దత్తమండలం' అన్న పేరు. దాన్ని వదిలించుకుని 'రాయలసీమ' అనిపించుకోవడానికి 1928 నాటి నంద్యాల సభ దాకా ఆగాల్సి వచ్చింది.