పొట్ట కరగాలంటే గుండెను ఎంత ఉరికించాలె?



మా హాస్టల్లో కొందరం కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్నం. ఇంకొందరం కూర్చొని చదివీ చదివీ పొట్ట పెంచుకున్నం. ఊర్లో ఉన్నప్పుడు చేనుకు, అడవికి, సంతకు అంతా నడకే. ఇక్కడ రూము, క్లాసు, మెస్సు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కింది మేమే, ఇంట్లో మొదటిసారి పొట్ట వచ్చింది కూడా మాకే అని నవ్వుకుంటం.

ఈ మధ్య ఒక సీనియర్ అన్న స్మార్ట్ వాచ్ మా చేతులన్నీ తిరిగింది. అందులో 'ఫ్యాట్ బర్న్ జోన్' అని చూపిస్తది. గుండె అది దాటి కొట్టుకుంటే కొవ్వు కరగదు, మెల్లగనే నడవాలె అని సగం మంది. చెమట కారేదాక ఉరికితేనే కరుగుతది అని సగం మంది. ఆ వాదన మీద చదివి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నం.

వాచ్ వాడేది సాదా లెక్క. 220 లోంచి వయసు తీసేస్తే నిమిషానికి గుండె కొట్టుకునే గరిష్ఠ వేగం. మా 20 ఏళ్లకు 200. అందులో 60 నుంచి 70 శాతం, అంటే 120 నుంచి 140 మధ్య ఉంటే కొవ్వు జోన్ అంటరు. ఇది అంచనా మాత్రమే. మనిషికీ మనిషికీ పది, పన్నెండు అటూ ఇటూ అయితది.

మెల్లగ నడిచినప్పుడు ఖర్చయ్యే శక్తిలో కొవ్వు వాటా ఎక్కువ అన్నది నిజమే. కానీ వాటా వేరు, మొత్తం వేరు. ఉదాహరణకు అరగంట నడకకు 100 క్యాలరీలు ఖర్చయి, అందులో 60 శాతం కొవ్వు నుంచి వస్తే 60. అదే అరగంట ఉరికితే 250 ఖర్చయి, 40 శాతమే కొవ్వు నుంచి వచ్చినా 100. పైగా ఆఖరికి లెక్కకు వచ్చేది రోజు మొత్తంలో తిన్నదెంత, ఖర్చు చేసిందెంత అన్నదే. పొట్ట కోసం సిటప్స్ తీస్తే కండ గట్టిపడుతది గాని, కొవ్వు అక్కడొక్కచోటే కరగదు.

అట్లని నడక దండగ కాదు. ఉరికితే పది నిమిషాలకే ఆగిపోయేవాళ్లం, బిరబిరా నడిస్తే గంట నడుస్తం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యరకం వ్యాయామం, లేదా 75 నిమిషాలు గట్టి వ్యాయామం.

వాచ్ లేనోళ్లు బాధపడొద్దు. మణికట్టు మీద నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. అది కూడా వద్దనుకుంటే మాట్లాడి చూడండి. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే మధ్యరకం. రెండు మూడు మాటలకే ఆయాసమొస్తే గట్టి వ్యాయామం.

ఇప్పుడు అసలు మాట. ఈ లెక్కలేవీ మన రక్తం సంగతి చెప్పవు. మన పిల్లల్లో రక్తహీనత ఎక్కువ. రక్తం తక్కువున్నోళ్లకు చిన్న నడకకే గుండె వేగం పెరుగుతది. అది బద్ధకం కాదు, పరీక్ష చేయించుకోవాల్సిన విషయం. మన ఆదివాసుల్లో సికిల్ సెల్ కూడా ఉంది. జబ్బు ఉన్నోళ్లు డాక్టర్ చెప్పకుండా గట్టి వ్యాయామం మొదలుపెట్టొద్దు. ఒక్క జన్యువు మాత్రమే ఉన్నోళ్లు మామూలుగానే బతుకుతరు, ఆటలూ ఆడొచ్చు. కానీ ఎండలో, నీళ్లు తాగకుండ, అలవాటు లేకుండ ఒక్కసారే ప్రాణం పెట్టి ఉరికితే కూలిపోయే ప్రమాదం ఉంది. అరుదే గాని, ప్రాణం మీదికొస్తది. వాళ్లు మెల్లగ పెంచుకుంటూ పోవాలె, నడుమ నడుమ ఆగాలె, నీళ్లు తాగాలె. కండరాలు పట్టేసినా, కాళ్లు సత్తువ తప్పినా అక్కడనే ఆపాలె. "ఇంకొక్క రౌండ్ రా" అని పక్కోడు రెచ్చగొట్టొద్దు.

2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపోళ్లకు పరీక్షలు చేస్తున్నరు. మా రూములో చేయించుకున్నోళ్లు ఉన్నరు, చేయించుకోనోళ్లూ ఉన్నరు. ఈవెంట్స్ కి ప్రిపేర్ అయ్యేటోళ్లు బూట్లు కొనకముందే ఆ పరీక్ష చేయించుకోండి. మీ హాస్టల్లో ఎంతమందికి అయ్యిందో కింద రాయండి, కాని వాళ్లను కలిసి తీసుకపోదం.

జై ఆదివాసీ!